షార్ట్‌కట్ వైరస్ మీద 54 గంటలు: అశోక్‌నగర్ జిరాక్స్ షాపు డైరీ

పని చోటు అశోక్‌నగర్‌లో మా బాబాయి జిరాక్స్, డీటీపీ షాపు. చుట్టూ కోచింగ్ సెంటర్లు, స్టడీ హాళ్లు. కాస్త నడిస్తే చిక్కడపల్లి లైబ్రరీ. పొద్దున్నుంచి రాత్రి దాకా హాల్‌టికెట్లు, అప్లికేషన్లు, నోట్సు ప్రింట్లు. నాకు ఆఫీసు అయ్యాక రాత్రి 7 నుంచి 10 వరకు, ఆదివారాలు మాత్రమే కుదిరింది.

ఫిర్యాదు ఒక్కటే. "అన్నా, మీ షాపుల పెట్టినంక నా పెన్‌డ్రైవ్ ఖాళీ అయింది." ఒక్క వారంలో నలుగురు అన్నారు. బాబాయి నలుగురికీ "మా దగ్గర ఏం లేదు" అనే చెప్పాడు.

షాపులో ఉన్న మెషీన్లు:

1వ నంబర్: విండోస్ 7. పేజ్‌మేకర్ (పేజీలు డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్), అను ఫాంట్లు (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) దీని మీదే. యాంటీవైరస్ లేదు.
2వ నంబర్: విండోస్ 7, 2 జీబీ ర్యామ్. ఎప్పటిదో ట్రయల్ యాంటీవైరస్, గడువు తీరి పడి ఉంది.
3వ నంబర్: బ్రాండెడ్, లైసెన్సున్న విండోస్ 10.
4వ నంబర్: అసెంబుల్డ్, క్రాక్ చేసిన (లైసెన్సు కొనకుండా దొంగదారిన యాక్టివేట్ చేసిన) విండోస్ 10. ఆన్‌లైన్ అప్లికేషన్లన్నీ దీంట్లోనే నింపుతారు.
5వ నంబర్: విండోస్ 11. బిల్లింగుకు.

## 1వ దశ: ముందు లెక్క

ఏదీ క్లీన్ చేయకుండా రెండు సాయంత్రాలు లెక్క మాత్రమే తీశాను.

1. ఖాళీ 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో మూడు ఫైళ్లు వేశాను: ఒక పీడీఎఫ్, ఒక ఫొటో, ఒక వర్డ్ ఫైలు.
2. ఒక్కో కంప్యూటర్‌కు పెట్టి, ఫోన్ స్టాప్‌వాచ్‌తో ఒక నిమిషం చూశాను.
3. తీసి, విండోస్ బదులు లైనక్స్ ఉన్న నా ల్యాప్‌టాప్‌లో తెరిచాను. మళ్లీ ఫార్మాట్ చేసి తర్వాతి మెషీన్‌కు.

3, 5 నంబర్లలో ఏమీ కాలేదు. 1వ నంబర్‌లో 4 సెకన్లకే మూడు ఫైళ్లూ మాయమై, అవే పేర్లతో మూడు షార్ట్‌కట్లు వచ్చాయి. 4వ నంబర్‌లోనూ అదే. 2వ నంబర్‌ది వేరే రకం. పెన్‌డ్రైవ్‌లో పెన్‌డ్రైవ్ పేరుతోనే ఒక్క షార్ట్‌కట్ కనిపిస్తుంది, అంతే.

లైనక్స్‌లో చూస్తే గుట్టు తెలిసిపోతుంది. మొదటి రకంలో అసలు ఫైళ్లు ఎక్కడికీ పోలేదు. వాటికి హిడెన్, సిస్టమ్ గుర్తులు తగిలించి, పక్కన ఒక వీబీఎస్ స్క్రిప్టు (విండోస్ నడిపించే ఆదేశాల ఫైలు) పెట్టింది. షార్ట్‌కట్ నొక్కితే ముందు స్క్రిప్టు నడుస్తుంది, వెంటనే అసలు ఫైలు కూడా తెరుచుకుంటుంది. అందుకే నొక్కినవాడికి అనుమానం రాదు. రెండో రకంలో ఫైళ్లన్నీ పేరు లేని ఫోల్డర్‌లో ఉన్నాయి. పేరు లేదంటే నిజంగా లేదని కాదు, కంటికి కనపడని ఖాళీ అక్షరం ఒకటి పేరుగా పెట్టుకుంది. ఈ ఫోల్డర్ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాతి దశలో దీని దగ్గరే దెబ్బ తిన్నాను.

రెండు రకాల వైరస్ ఫైళ్ల హ్యాష్ (ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్య) తీసి, ఫైళ్లను చాలా యాంటీవైరస్‌లతో ఒకేసారి చూసే వైరస్‌టోటల్ సైటులో వెతికాను. ఫైలు ఎక్కించనక్కర్లేదు, హ్యాష్ చాలు. అక్కడ ఎక్కించినవి బయటివాళ్లకూ అందుతాయి కాబట్టి కస్టమర్ల ఫైళ్లు, ముఖ్యంగా ఆధార్ కాపీలు, అసలు ఎక్కించకండి. మొదటిది జెంక్స్‌కస్, రెండోది గమారూ. రెండూ ముసలివే. జెంక్స్‌కస్ సర్వర్లను మైక్రోసాఫ్ట్ 2014లో దెబ్బతీసింది. గమారూ నెట్‌వర్క్‌ను ఎఫ్‌బీఐ, యూరోపోల్ కలిసి 2017 నవంబరులో కూల్చాయి. ఆర్డర్లిచ్చే సర్వరు లేకపోయినా పురుగు పెన్‌డ్రైవ్ నుంచి పెన్‌డ్రైవ్‌కు తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది.

ఆ రెండు సాయంత్రాల్లో కస్టమర్లను అడిగి చూసిన పెన్‌డ్రైవ్‌లు 23. అంటుకున్నవి 9.

మొత్తం: 6 గంటలు, 0 రూపాయలు.

## 2వ దశ: క్లీనింగ్, అది ఎలా చెడింది

ఆదివారం షాపు మూసి పొద్దున్నుంచి కూర్చున్నాను. 1వ నంబర్‌లో యాప్‌డేటా ఫోల్డర్‌లోని వీబీఎస్ ఫైలు డిలీట్ చేశా. ఐదు సెకన్లలో మళ్లీ వచ్చింది. ఇంకోసారి తీశా, ఇంకోసారి వచ్చింది. నడుస్తున్న స్క్రిప్టు తన ఫైలు ఉందో లేదో చూసుకుంటూ, లేకపోతే మళ్లీ రాసుకుంటోంది. పనికొచ్చిన వరుస ఇది:

1. నెట్ కేబుల్ పీకాలి.
2. టాస్క్ మేనేజర్‌లో, వీబీఎస్‌ను నడిపించే డబ్ల్యూస్క్రిప్ట్ ప్రాసెస్‌ను ఆపాలి.
3. ఆటోరన్స్ టూల్‌తో, కంప్యూటర్ ఆన్ కాగానే వాటంతటవే మొదలయ్యేవి ఉండే చోట్లు, అంటే రిజిస్ట్రీ (విండోస్ సెట్టింగులు దాచుకునే చోటు) రన్ కీ, స్టార్టప్ ఫోల్డర్, షెడ్యూల్డ్ టాస్కులు మూడూ చూడాలి. జెంక్స్‌కస్ రన్ కీలోనూ స్టార్టప్‌లోనూ రెండు చోట్లా కూర్చుంది.
4. ఫైలును అప్పుడు తీయాలి.
5. విండోస్ స్క్రిప్ట్ హోస్ట్‌నే రిజిస్ట్రీలో ఆపేయాలి. షాపులో వీబీఎస్‌తో ఎవరికీ పని లేదు.

రాత్రికి మూడు కంప్యూటర్లూ శుభ్రం. సోమవారం మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా బాబాయి ఫోన్. "పొద్దుగాల మంచిగనే ఉండెరా. మల్ల వచ్చింది."

తెచ్చింది బాబాయే. తాళంచెవుల గుత్తికి వేలాడే 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో శుభలేఖల డిజైన్లు, విజిటింగ్ కార్డులు, పన్నెండేళ్ల డీటీపీ పనంతా ఉంది. నేను కంప్యూటర్లు కడిగాను గానీ ఆ గుత్తి వంక చూడనే లేదు. స్క్రిప్ట్ హోస్ట్ ఆపిన 1, 4 నంబర్లు తట్టుకున్నాయి. 2వ నంబర్‌లో ఆ సెట్టింగ్ మర్చిపోయాను, అది పడింది.

ఇంకో తప్పు పెద్దది. గ్రూప్-2కు చదువుతున్న ఒక అమ్మాయి పెన్‌డ్రైవ్ బాగుచేస్తూ, పేరు లేని ఫోల్డర్ వైరస్‌దే అనుకుని షిఫ్ట్ డిలీట్ కొట్టేశాను. ఆమె నోట్సంతా అందులోనే ఉంది. చెయ్యి ఆగిపోయింది. ఆ క్షణం నుంచి దాని మీద ఏమీ రాయకుండా తీసి, నా ల్యాప్‌టాప్‌లో డిలీటైన ఫైళ్లు వెతికే ఫొటోరెక్ నడిపి, దొరికినవి వేరే డిస్కులోకి తీశాను. 146 ఫైళ్లలో 131 వచ్చాయి. ఫొటోరెక్ ఫైలు రూపాన్ని బట్టి వెతుకుతుంది, పేర్లు తిరిగి రావు. 131 ఫైళ్లూ నంబర్లతో వచ్చాయి. పాలిటీ ఏదో ఎకానమీ ఏదో చూసుకుంటూ ఆ అమ్మాయి రెండు సాయంత్రాలు షాపులో కూర్చుని పేర్లు పెట్టుకుంది. ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. 180 రూపాయల ప్రింట్లు ఫ్రీగా ఇచ్చాం.

పెన్‌డ్రైవ్ బాగుచేసే పద్ధతి అప్పటి నుంచి మార్చాను:

1. ముందు ఉన్నదంతా, దాగినవాటితో సహా, లైనక్స్‌లో కాపీ.
2. పేరు లేని ఫోల్డర్‌కు పేరు పెట్టడం. డిలీట్ కాదు.
3. విండోస్‌లో అయితే అట్రిబ్ కమాండ్‌తో హిడెన్, సిస్టమ్, రీడ్ ఓన్లీ గుర్తులు తీసేయడం, లోపలి ఫోల్డర్లతో సహా.
4. ఫైళ్లు తెరుచుకుంటున్నాయని ఓనరుకు చూపించాకే షార్ట్‌కట్లు, స్క్రిప్టు తీయడం.

ఇప్పటిదాకా మొత్తం: 17 గంటలు, 180 రూపాయలు.

## 3వ దశ: పచ్చ టిక్కు, వాట్ మీటర్

5వ నంబర్‌కు రక్షణ ఉందని ఎలా తెలుసు? 4వ నంబర్‌లోనూ విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ పచ్చ టిక్కు చూపిస్తోంది కదా? ఈ అనుమానంతో ఐకార్ ఫైలు పెట్టి చూశాను. ఇది 68 అక్షరాల టెక్స్ట్ ఫైలు, ఏ హానీ చేయదు. యాంటీవైరస్ కంపెనీలన్నీ దీన్ని చూస్తే వైరస్ అని అరవాలని ఒప్పుకున్నాయి, పని చేస్తోందా లేదా తెలియడానికి.

ఐదింటిలో అరిచినవి రెండే: 3, 5. 1వ నంబర్‌లో అరవడానికి ఎవరూ లేరు, 2వ నంబర్‌లో ఉన్నది గడువు తీరింది. 4వ నంబర్ పచ్చ టిక్కు పెట్టుకునే ఊరుకుంది.

డిఫెండర్ సెట్టింగుల్లో ఎక్స్‌క్లూజన్స్ జాబితా తెరిస్తే ఒకే ఒక్క ఎంట్రీ. సీ డ్రైవ్. మొత్తం సీ డ్రైవ్‌ను చూడొద్దని ఎవరో రాసిపెట్టారు. ఆ ఎవరో విండోస్‌ను యాక్టివేట్ చేసిన క్రాక్. నడిపే ముందు యాంటీవైరస్ ఆపమని అడిగే క్రాక్‌లు సగం పని మనచేతే చేయిస్తాయి. వాచ్‌మన్‌ను కళ్లకు గంతలు కట్టి గేటు దగ్గర కూర్చోబెట్టినట్టుంది.

ఎంట్రీ తీసి ఫుల్ స్కాన్ పెట్టా. 3 గంటల 40 నిమిషాలు, 41 ఐటమ్‌లు. డిఫెండర్ పెట్టే పేర్లలో ముందు రకం, తర్వాత ఏ ప్లాట్‌ఫాం మీద నడుస్తుందో, ఆ తర్వాత కుటుంబం పేరు ఉంటాయి. జాబితా చదివితే ఏది ఏ పని మీద వచ్చిందో తెలుస్తుంది.

వార్మ్ అంటే తనంతట తాను పాకేది. మన షార్ట్‌కట్ బాపతు. ట్రోజన్ పాకదు, ఇంకేదో అని నమ్మించి మనచేతే లోపలికి తెప్పించుకుంటుంది. 41లో 22 ఇవే. హ్యాక్‌టూల్ అని వచ్చింది యాక్టివేషన్ క్రాక్. పాస్‌వర్డ్ స్టీలర్ అన్నవి రెండు, నాకు చెమట పట్టించినవి అవే. బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డులే కాదు, లాగిన్ అయి ఉన్నామని బ్రౌజర్ గుర్తుపెట్టుకునే కుకీలను కూడా ఎత్తుకెళ్తాయి. కుకీ చేతికి చిక్కితే పాస్‌వర్డూ అక్కర్లేదు, ఓటీపీ కూడా అక్కర్లేదు. ఆ బ్రౌజర్‌లో అప్పటికి వేర్వేరు మనుషుల జీమెయిల్ ఖాతాలు 7 తెరిచే ఉన్నాయి. గుర్తుపట్టగలిగిన ఐదుగురికి ఫోన్ చేసి, వాళ్ల ఫోన్ నుంచే పాస్‌వర్డ్ మార్చి, అన్ని డివైస్‌ల నుంచి సైన్ అవుట్ చేయమన్నాం.

ఇక 4వ నంబర్ ఫ్యాను మోత. "ఎండకు" అనేవాడు బాబాయి. టాస్క్ మేనేజర్ తెరిస్తే సీపీయూ 5 శాతం. మూస్తే మళ్లీ మోత. గోడ సాకెట్‌కు పెట్టే వాట్ మీటర్ 750కి కొన్నాను. ఎవరూ వాడనప్పుడు 112 వాట్లు. టాస్క్ మేనేజర్ తెరవగానే 48. మూసిన పది సెకన్లకు మళ్లీ 112. కాయిన్ మైనర్. వేరేవాడి క్రిప్టో నాణేల కోసం మన కరెంటుతో లెక్కలు చేస్తుంది, టాస్క్ మేనేజర్ తెరవగానే నక్కుతుంది. గోడ మీటర్ గురించి దానికి తెలియదు. తేడా 64 వాట్లు, రోజుకు 12 గంటలు, నెలకు 23 యూనిట్లు. యూనిట్ పది రూపాయలనుకుంటే నెలకు 230. వైరస్ గురించి నేను మూడు వారాలు చెప్పింది ఎక్కలేదు గానీ ఈ 230 మాత్రం బాబాయికి వెంటనే ఎక్కింది.

మొత్తం: 26 గంటలు, 930 రూపాయలు.

## 4వ దశ: కడగడం మానేసి మళ్లీ వేయడం

పాస్‌వర్డ్ స్టీలర్ దొరికిన మెషీన్‌ను కడిగి వాడటం నాకు ఇష్టం లేదు. 41 తీశాక 42వది లేదని ఎవరు చెప్పాలి? సికింద్రాబాద్ పార్క్‌లేన్ సీటీసీలో రెండు 256 జీబీ ఎస్ఎస్‌డీలు, ఒక్కోటి 2,300. పాత హార్డ్‌డిస్కులు తీసి కవర్లో పెట్టి, మీద "కనెక్ట్ చేయొద్దు" అని రాశాను.

లైసెన్సులకు డబ్బు పెట్టనన్నాడు బాబాయి. క్రాక్ వేయనన్నాను నేను. కుదిరిన పంపకం ఇది:

1వ నంబర్: విండోస్ 7 అలాగే, కానీ నెట్ లేదు. నెట్‌వర్క్ కార్డు డ్రైవర్ కూడా తీసేశాను. ఫైళ్లు పోవడానికి రావడానికి ఎర్ర దారం కట్టిన ఒకే ఒక్క పెన్‌డ్రైవ్.
2, 4 నంబర్లు: లైనక్స్ మింట్, ఫ్రీగా దొరికే లైనక్స్. అప్లికేషన్లు నింపడానికి కావాల్సింది బ్రౌజరే. దాన్నీ గెస్ట్ మోడ్‌లోనే తెరుచుకునేలా పెట్టాను, మూస్తే లాగిన్‌లు పోతాయి.
3వ నంబర్: 8వ తరం ప్రాసెసర్ ఉంది కాబట్టి ఫ్రీగా విండోస్ 11. విండోస్ 10కు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. విండోస్ 7కైతే 2020 జనవరి 14నే.

నెట్ పీకడం మీద బాబాయితో అరగంట వాదన. చివరకు వానాక్రై కథ చెప్పాల్సి వచ్చింది. 2017 మే 12న మొదలైన ఆ రాన్సమ్‌వేర్‌కు (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) ఎవరూ ఏమీ నొక్కనక్కర్లేదు, నెట్‌వర్క్‌లో ఫైల్ షేరింగ్ పాత పద్ధతి తెరిచి ఉంటే చాలు. ఎక్కువగా పడింది విండోస్ 7 మీదే. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు స్టేషన్ల కంప్యూటర్లూ పడ్డాయి. దాన్ని ఆపే ప్యాచ్ మార్చి 14నే వచ్చింది. రెండు నెలల గడువుండీ వేసుకోనివాళ్లు పడ్డారు.

ఆ ఉత్సాహంలోనే 3వ నంబర్‌లో ఆ పాత షేరింగ్, ఎస్ఎంబీ 1, ఆపేశాను. మర్నాడు పొద్దున జిరాక్స్ మెషీన్‌లో స్కాన్ చేసినవి కంప్యూటర్‌కు రావడం ఆగిపోయాయి. ఆ పాత మెషీన్‌కు వచ్చింది ఆ భాష ఒక్కటే. క్యూలో పదిమంది, ఫోన్‌లో బాబాయి. మళ్లీ ఆన్ చేయకుండా మెషీన్‌లో ఎఫ్‌టీపీ అనే ఫైళ్లు పంపే వేరే పద్ధతికి మార్చి, 2వ నంబర్‌లో దానికో ఫోల్డర్ ఇచ్చాను. మీరు ఆపే ముందు స్కానర్ ఏ దారిన పంపుతోందో చూసుకోండి.

మొత్తం: 40 గంటలు, 5,530 రూపాయలు.

## 5వ దశ: బ్యాకప్ అనుకున్నది

బాబాయికి బ్యాకప్ ఉంది. ప్రతి శనివారం గుత్తి పెన్‌డ్రైవ్ తెరిచి, అంతా సెలెక్ట్ చేసి, ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ. కిందటి శనివారం ఫోల్డర్ తెరిచి చూశాను. ఐటమ్‌లు 214. సైజు 1 ఎంబీ కూడా లేదు. పెన్‌డ్రైవ్‌లో ఉన్నది 11 జీబీ.

214 షార్ట్‌కట్లు కాపీ అయ్యాయి. అసలు ఫైళ్లు హిడెన్ కాబట్టి సెలెక్ట్‌లోకే రాలేదు. వెనక్కి వెళ్లి చూస్తే తొమ్మిది శనివారాలుగా ఇదే. స్థలం చాలట్లేదని పాతవి ఎప్పటికప్పుడు తీసేశాడట. ఈ తొమ్మిది వారాల్లో ఏ రోజైనా ఆ గుత్తి ఆటోలో జారిపోయి ఉంటే పన్నెండేళ్ల పని పోయేది.

1 టీబీ డిస్కు కొత్తది, 4,300. ఇప్పటి పద్ధతి:

1. పాత డిస్కు, కొత్త డిస్కు వారం మార్చి వారం. ఒకటి షాపులో, ఒకటి ఇంట్లో.
2. కాపీ అవ్వగానే కేబుల్ తీసేయాలి. రాన్సమ్‌వేర్ వస్తే కనెక్ట్ అయి ఉన్న డిస్కునూ వదలదు. క్రాక్‌ల వెంట ఎక్కువగా వచ్చే స్టాప్ అనే కుటుంబం ప్రతి ఫైలులో మొదటి 150 కేబీని గిలకొడుతుంది. అంత చాలు, ఫైలు తెరుచుకోదు.
3. కాపీ ముందు సైజు, తర్వాత సైజు నోటుబుక్కులో రాయాలి.
4. నెలకోసారి ఏవైనా పది ఫైళ్లు వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడాలి.

3వ నంబర్‌లో రాన్సమ్‌వేర్ రక్షణ, అంటే కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్, ఆన్ చేస్తే కోరల్‌డ్రా ఫైలు సేవ్ చేయనివ్వలేదు. అనుమతించిన యాప్‌ల జాబితాలో చేర్చాక సరిపోయింది.

మొత్తం: 45 గంటలు, 9,830 రూపాయలు.

## 6వ దశ: పెన్‌డ్రైవ్ బల్ల

నియమం ఒకటే: బయటి పెన్‌డ్రైవ్ ఏదైనా 2వ నంబర్‌కే. 3, 4, 5 మెషీన్ల యూఎస్‌బీ పోర్టులకు టేపు.

మొదటి ప్రయత్నంలో పెన్‌డ్రైవ్ మొత్తాన్ని లైనక్స్‌లో నడిచే యాంటీవైరస్ క్లామ్‌ఏవీతో స్కాన్ చేసి అప్పుడు ప్రింట్. ఒక్కోదానికి సగటున 2 నిమిషాల 40 సెకన్లు. సాయంత్రం ఆరింటికి మెట్ల దాకా క్యూ. స్కాన్ పెట్టిన ప్రతిసారీ సిగ్నేచర్లన్నీ (వైరస్‌లను పోల్చుకునే గుర్తులు) మళ్లీ లోడ్ చేసుకుంటోంది. ఎప్పుడూ నడుస్తూ ఉండే పద్ధతికి మారిస్తే దానికే 1 జీబీకి పైగా ర్యామ్ కావాలి, ఉన్నది 2. మెషీన్ బిగుసుకుపోయింది. 600 పెట్టి పాత 4 జీబీ ర్యామ్ తెచ్చాను. తర్వాత పద్ధతే మార్చాను:

1. పెన్‌డ్రైవ్ రీడ్ ఓన్లీగా తెరుచుకుంటుంది, చదవడమే తప్ప దాని మీద రాయడం కుదరదు.
2. కస్టమర్ తనకు కావాల్సిన ఫైలు చూపిస్తాడు.
3. పీడీఎఫ్, జేపీజీ, పీఎన్‌జీ, మామూలు వర్డ్ ఫైలు అయితేనే స్క్రిప్టు కాపీ చేస్తుంది. మాక్రోలు (ఫైలు లోపలే నడిచే ప్రోగ్రాములు) ఉన్న వర్డ్ ఫైలు, ఈఎక్స్ఈ (ప్రోగ్రాం ఫైలు), షార్ట్‌కట్ దాటవు.
4. కాపీ అయినదాన్ని మాత్రమే స్కాన్.

ఇప్పుడు 35 సెకన్లు. మూడో రోజే ఒకటి చిక్కింది: పేరులో పీడీఎఫ్ అని, చివర్న ఈఎక్స్ఈ. విండోస్ మామూలుగా చివరి ముక్కను దాచేస్తుంది కాబట్టి హాల్‌టికెట్ అనే అనుకుంటారు. 2000 మేలో లోకమంతా పాకిన ఐలవ్‌యూ వైరస్ ఇదే కిటుకుతో టెక్స్ట్ ఫైలులా కనిపించింది. 3, 5 నంబర్లలో ఎక్స్‌టెన్షన్లు కనిపించే సెట్టింగ్ ఆరోజే పెట్టాను. అను ఫాంట్‌తో చేసిన వర్డ్ ఫైళ్లు లైనక్స్‌లో గజిబిజి అక్షరాలే, వాటిని షేర్డ్ ఫోల్డర్‌లో వేసి 3వ నంబర్ నుంచి ప్రింట్ ఇస్తున్నాం.

మొత్తం: 53 గంటలు, 10,430 రూపాయలు.

## 7వ దశ: కౌంటర్ మీది ఫోన్

పోర్టులన్నీ మూశాక ఫోన్ సంగతి గుర్తొచ్చింది. సగం మంది ఫైళ్లు షాపు వాట్సాప్‌కే పంపుతారు. ఒక సాయంత్రం ట్రాఫిక్ చలాన్ పేరుతో ఏపీకే ఫైలు (ఆండ్రాయిడ్ యాప్) వచ్చింది. షాపులో తమ్ముడు ప్రింట్ కోసమే అనుకుని నొక్కాడు. "తెలియని యాప్‌లు ఇన్‌స్టాల్ చేయాలా" అని ఫోన్ అడిగింది. బండి నాదే కదా, చలాన్ నాకెందుకు రాలేదు అని బాబాయి తల పైకెత్తడం మంచిదైంది.

పెళ్లి శుభలేఖ అనో, బ్యాంకు కేవైసీ అనో, ఇలాంటివి ఎక్కితే ముందు ఎస్ఎంఎస్ అనుమతి, తర్వాత యాక్సెసిబిలిటీ అనుమతి అడుగుతాయి. మొదటిదాంతో ఓటీపీలు అవతలికి పోతాయి, రెండోదాంతో స్క్రీన్‌నే నడుపుతాయి. వాట్సాప్‌కు యాప్ ఇన్‌స్టాల్ అనుమతి తీసేశాను, ఆటో డౌన్‌లోడ్ ఆపాను. షాపు యూపీఐ ఉన్న సిమ్ వేరే ఫోన్‌కు మార్చాను. గోడ మీద సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 రాసిపెట్టాను. డబ్బు పోతే ముందు ఆ నంబరుకే, ఆలస్యం లేకుండా.

మొత్తం: 54 గంటలు, 10,430 రూపాయలు.

## ఇప్పటి లెక్క

మొదటి వారం: 58 పెన్‌డ్రైవ్‌లు, అంటుకున్నవి 17.
రెండో వారం: 61లో 14.
మూడో వారం: 55లో 6.
నాలుగో వారం: 60లో 9.

తగ్గుతూ వచ్చింది ఎందుకు పెరిగిందా అని స్క్రిప్టు లాగ్ చూశాను. తొమ్మిదింటిలో ఐదు గమారూ, ఐదిట్లోనూ షార్ట్‌కట్ తయారైన తేదీ ఒకటే. ఆ ఐదుగురూ ఒకే స్టడీ హాల్లో చదువుకుంటున్నారు. అక్కడ రిసెప్షన్‌లో ఒక పాత కంప్యూటర్ ఉందట, పిల్లలు నోట్సులు అక్కడే ఒకరికొకరు ఎక్కించుకుంటారట. ఓనరు బాబాయికి తెలిసినవాడే. "రేపు ఆదివారం వచ్చి చూడమను, చాయ్ తాగిపిస్తా" అన్నాడట. లైనక్స్ పెన్‌డ్రైవ్, వాట్ మీటర్ సంచిలో పెట్టుకున్నాను.